బియ్యం మూటతో పాటు తలుపు గడియ కూడా



ఈ పత్రికలో నేను ఎక్కువగా చక్కెర జబ్బు గురించి, బాలింతల ఆహారం గురించి, పసిపిల్లల టీకాల గురించి రాస్తుంటాను. ఈసారి చాలా కాలంగా నా మనసులో ఉన్న వేరొక సంగతి రాస్తున్నాను. వరద వచ్చినప్పుడు, కరువు వచ్చినప్పుడు, ఊరు విడిచి పోవలసి వచ్చినప్పుడు మన ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి, దాన్ని ఆపడానికి మనందరం కలిసి చేయవలసిన పని గురించి. చదవడానికి కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. అయినా ఈ పేజీని ఇంట్లో ఆడపిల్లలకు కనబడకుండా దాచవద్దని నా మనవి. వాళ్ళ కోసమే రాశాను.

ఆ అక్టోబరు

2009 సెప్టెంబరు ఆఖరి రోజుల్లో మొదలైన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనది కరువు సీమ. వాన కోసం ఎదురుచూడడమే తప్ప వానకు భయపడడం మనకు తెలియదు. అలాంటిది అక్టోబరు మొదటి రెండు రోజుల్లో తుంగభద్ర ఒడ్డు దాటి మంత్రాలయం వీధుల్లోకి వచ్చింది. మఠం నీళ్ళలో చిక్కుకుంది. దర్శనానికి వచ్చిన యాత్రికులు మేడల మీదికెక్కి కూర్చున్నారు. హెలికాప్టర్లు వచ్చాయి. దిగువన సుంకేసుల బ్యారేజీ మీదుగా నీళ్ళు పొర్లాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు పాతపట్నాన్ని ముంచాయి. శ్రీశైలం ప్రాజెక్టుకు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని, 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీళ్ళు పదకొండు అడుగులు పైకి లేచాయని పేపర్లలో చదివాం.

అప్పుడు నేను ఆడవాళ్ళ వార్డులో సిస్టర్ ఇన్‌ఛార్జిని. మా ఆసుపత్రి నుంచి వ్యానులో మందులు, సెలైన్లు, బ్లీచింగ్ పొడి వేసుకొని శిబిరాలకు తిరిగాం. బళ్ళలో, కల్యాణ మండపాలలో, చర్చి హాళ్ళలో, ఎత్తు మీద వేసిన టార్పాలిన్ గుడారాలలో జనం ఉన్నారు. మా భయమంతా విరేచనాలు, పాముకాట్లు, జ్వరాలు. వాటికి సిద్ధపడి వెళ్ళాం. వాటిని బాగానే ఎదుర్కొన్నామని ఈ రోజుకూ చెప్పగలను.

నేను సిద్ధపడి వెళ్ళనిది ఒకటుంది.

నేను రిజిస్టరులో రాసిన రెండు మాటలు

ఒక బడిలో ఉన్న శిబిరానికి మేం వెళ్ళిన రెండో రోజు. ఊరి పేరు చెప్పను, మనిషి ఎవరో తెలిసే ఏ గుర్తూ చెప్పను. ఒక కొత్త కోడలు అత్తతో కలిసి వచ్చింది. పెదవి చిట్లి ఉంది. మోచేయి గీరుకుపోయింది. "చీకట్లో జారి పడింది సిస్టరమ్మా" అని అత్త చెప్పింది. ఆ పిల్ల తలెత్తలేదు. గాయం కడగడానికి జాకెట్టు చెయ్యి పైకి జరిపితే జబ్బ మీద నాలుగు వేళ్ళ అచ్చు కనిపించింది. జారిపడితే అలాంటి గుర్తు పడదు. నర్సుగా పదిహేనేళ్ళు పని చేసినదాన్ని, నాకు తెలియదా? తెలిసింది. కానీ వెనక ఎనభై మంది వరసలో నిలబడి ఉన్నారు. పక్కన మగవాళ్ళున్నారు. అడిగితే ఏం చెబుతుందో, చెబితే నేనేం చేయాలో, ఎక్కడికి పంపాలో నాకు తెలియదు. టీటీ ఇంజెక్షన్ వేశాను, కట్టు కట్టాను, నొప్పి మాత్రలు ఇచ్చాను. రిజిస్టరులో "జారి పడుట" అని రాశాను.

కొన్ని నెలల తర్వాత ఆ అత్త బీపీ చూపించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి, గది ఖాళీ అయ్యేదాకా కూర్చొని, అప్పుడు చెప్పింది. ఆ రాత్రి కోడలు బయటికి పోయిందట. బడికి మరుగుదొడ్డి ఉన్నా తలుపుకు గడియ లేదు, లైటు లేదు, మగవాళ్ళు పడుకున్న వరండా దాటి పోవాలి. అందుకని తుమ్మచెట్ల చాటుకు పోయింది. ఎవరో తెలియని మనిషి. "కోడలు యాడుంది ఇప్పుడు?" అని అడిగాను. పుట్టింటికి పోయిందని, కొడుకు తీసుకురానంటున్నాడని చెప్పింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పొద్దు మీరు ఒక్క మాట అడిగింటే చెప్పేవాళ్ళం మ్మా. మాకు మేముగా చెప్పేకి నోరు రాలేదు" అంది.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే మరచిపోయేదాన్నేమో.

ఎవరిదీ కాని పని

ఇది నా ఒక్కదాని తప్పు అని సర్దుకుంటే సరిపోదు. ఆ శిబిరంలో సహాయానికి కొదవ లేదు. ఒకే రోజు మూడు గుంపుల వాళ్ళు దుప్పట్లు తెచ్చారు. రెండు పూటలా అన్నం పొట్లాలు మిగిలిపోయి పారేసిన రోజులున్నాయి. ఎక్కడెక్కడి నుంచో సంఘాలు, యువజన మండళ్ళు, కుల సంఘాలు, మఠం భక్తులు, మసీదు కమిటీలు, కాలేజీ పిల్లలు లారీలు కట్టుకొని వచ్చారు. జాలికి లోటు లేదు.

కానీ ఆ మరుగుదొడ్డి తలుపుకు ఎవరు గడియ వేయించాలి? రెవెన్యూ వాళ్ళు బియ్యం లెక్కలో ఉన్నారు. పోలీసులు రోడ్ల మీద ట్రాఫిక్ చూస్తున్నారు. మేం జ్వరాలు చూస్తున్నాం. బడి పంతుళ్ళు తమ ఇళ్ళు మునిగి తిరుగుతున్నారు. సహాయానికి వచ్చినవాళ్ళు ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఎవరి పని వాళ్ళు బాగానే చేశారు. గడియ మాత్రం ఎవరి పనీ కాలేదు. అందుకే అది ఎవరూ చేయలేదు.

సమన్వయం అంటే పెద్ద మాటగా వినబడుతుంది. నా దృష్టిలో దాని అర్థం ఇంతే: ఏ పని ఎవరిదో ముందే తెలిసి ఉండడం. ఒకరి చేతిలోంచి మనిషి ఇంకొకరి చేతిలోకి జారిపోకుండా అందడం. మంచి సమరయుని కథ మనందరికీ తెలుసు. అతడు గాయాలు కట్టడంతో ఆగలేదు. ఆ మనిషిని సత్రానికి చేర్చాడు, సత్రపువానికి అప్పగించాడు, ఖర్చు ఇచ్చాడు, మళ్ళీ వస్తానని చెప్పాడు. కట్టు కట్టడం దగ్గరే నేను ఆగిపోయాను. సత్రం ఎక్కడుందో నాకు తెలియదు.

ఆపద వేళ ఎందుకు పెరుగుతుంది?

వరద నీళ్ళు కొత్తగా చెడ్డవాళ్ళను పుట్టించవు. మామూలు రోజుల్లో ఆడవాళ్ళకు ఉన్న కొద్దిపాటి అడ్డుగోడలను అవి కూల్చేస్తాయి. ఇల్లు పోతుంది, తలుపు పోతుంది. కరెంటు పోతుంది. తెలిసిన ఇరుగుపొరుగు చెదిరిపోతారు. తెలియని మగవాళ్ళ మధ్య పడుకోవలసి వస్తుంది. పైరు పోయిన మగవాడి చేతిలో డబ్బు ఉండదు, సారా అంగడి మాత్రం రెండు రోజుల్లోనే తెరుచుకుంటుంది. ఆ కోపం ఇంటి ఆడదాని మీద పడుతుంది. రేషన్ కార్డు, ఆధార్, పట్టా కాగితాలు కొట్టుకుపోతే, భర్త పేరు లేకుండా ఆమెకు ఏ సాయమూ అందదు. భయపడిన తల్లిదండ్రులు, "శిబిరంలో పెద్దపిల్లను ఎట్లా కాపాడుకోవాల" అని పదిహేనేళ్ళ పిల్లకు సంబంధం చూసేస్తారు. ఇంకొందరికి "పట్నంలో పని ఇప్పిస్తాం" అని తియ్యగా మాట్లాడేవాళ్ళు ఎదురవుతారు. రాయలసీమ కరువు ఊళ్ళ నుంచి ఆడపిల్లలను ముంబయి, పుణె, ఢిల్లీలకు తీసుకుపోయి అమ్మిన సంగతులు మనకు కొత్త కాదు.

సహాయం చేసే చేతినీ గమనించాలి. 2002లో పశ్చిమ ఆఫ్రికాలో గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల కాందిశీకుల శిబిరాలలో కొందరు సహాయ సిబ్బందే తిండి గింజలకు బదులుగా ఆడపిల్లలను వాడుకున్నారని బయటపడింది. ప్రపంచం తల దించుకుంది. మరుసటి సంవత్సరమే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి తమ సిబ్బందికి కఠిన నిబంధనలు జారీ చేశారు. సహాయానికి బదులుగా ఏదీ అడగకూడదు, ఎవరూ అడగకూడదు. అది బట్టలు పంచే కుర్రవాడైనా సరే, మా తెల్లకోటు వాళ్ళయినా సరే, సంఘ పెద్ద అయినా సరే.

లోకం నేర్చుకున్న పాఠాలు

ఇవన్నీ ఎదురైన తర్వాతే ప్రపంచమంతటా కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. స్పియర్ ప్రమాణాలు అని ఒకటుంది. శిబిరంలో మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్ళు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, మగవాళ్ళకు ఒకటి ఉంటే ఆడవాళ్ళకు మూడు, లోపలి నుంచి వేసుకునే గడియ, దారిలో వెలుతురు ఉండాలని అది చెబుతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసిన కమిటీ 2005లో ఆడవాళ్ళపై హింసను ఆపడానికి మార్గదర్శకాలు తెచ్చి, 2015లో వాటిని సరిదిద్దింది. అందులోని ముఖ్యమైన మాట ఒకటి నాకు నచ్చింది. ఎవరో ఫిర్యాదు చేసేదాకా, రుజువు దొరికేదాకా ఆగవద్దు, ఆపద వచ్చిన ప్రతి చోటా ఇది జరుగుతున్నదనే అనుకొని మొదటి రోజు నుంచే పని మొదలుపెట్టండి అని దాని సారం. కలరా వచ్చేదాకా ఆగి బ్లీచింగ్ చల్లుతామా? ఇదీ అంతే.

మన దేశంలో 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. సహాయ ప్రమాణాలలో వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని ఆ చట్టమే చెప్పింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో శిబిరాలకు కనీస ప్రమాణాలు ప్రకటించింది. ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే మరుగుదొడ్లు, స్నానాల చోటు, వెలుతురు ఉండాలని అందులో ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కాగితాన్ని తలుపు దాకా తీసుకుపోయే మనిషి కావాలి.

72 గంటలు

ఇది ఆరోగ్య పత్రిక కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదవండి. అత్యాచారానికి గురైన మనిషికి మొదటి మూడు రోజులు, అంటే 72 గంటలు చాలా విలువైనవి.

హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. వాటిని 28 రోజులు మానకుండా వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా 72 గంటల లోపల బాగా పనిచేస్తుంది, అయిదు రోజుల దాకా ఇవ్వవచ్చు, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. సుఖవ్యాధులకు మందులు, పచ్చకామెర్ల టీకా, టీటీ ఉన్నాయి. వీలైతే స్నానం చేయకముందే, బట్టలు ఉతకకముందే ఆసుపత్రికి రండి. ఆ బట్టలు ప్లాస్టిక్ సంచిలో కాక కాగితంలో చుట్టి తీసుకురండి. ఒకవేళ స్నానం చేసేసినా, బట్టలు ఉతికేసినా, నాలుగు రోజులు దాటినా రావడం మానవద్దు. చికిత్స ఎప్పుడైనా చికిత్సే.

చట్టం మాట కూడా తెలుసుకోండి. 2013 నుంచి, ప్రభుత్వ ఆసుపత్రి గాని ప్రైవేటు ఆసుపత్రి గాని మాలాంటి మిషన్ ఆసుపత్రి గాని ఇలాంటి మనిషికి వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. "ముందు పోలీసు కాగితం తెండి" అని పంపివేయడం నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టాలలో కూడా ఇదే ఉంది, చికిత్స నిరాకరిస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. పోలీసులకు తెలియజేయడం ఆసుపత్రి బాధ్యత. కానీ ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది పెద్దమనిషి అయిన స్త్రీ తన ఇష్టం. ఇవ్వకపోయినా చికిత్స ఆగదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో మాత్రం వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. అది నర్సుకూ, పంతులుకూ, పాస్టరు గారికీ, పక్కింటి వారికీ వర్తిస్తుంది.

పాతకాలంలో కన్యత్వం చూడడానికి రెండు వేళ్ళతో చేసే పరీక్ష ఒకటి ఉండేది. అది తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మళ్ళీ గట్టిగా చెప్పి నిషేధించింది. ఎవరైనా అలా చేయబోతే వద్దనే హక్కు మీకుంది.

ఇంట్లో భర్త గాని, అత్తింటివారు గాని కొడితే 2005 గృహహింస చట్టం ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం కింద కూడా ఆసుపత్రి వైద్యం చేయాలి. స్త్రీ శిశు సంక్షేమ శాఖ ద్వారా రక్షణ అధికారి సాయం దొరుకుతుంది.

మనకు ప్రతి ఏడూ వచ్చే వరద

"మంత్రాలయానికి వరద ఎప్పుడో ఒకసారి వచ్చింది, దానికి ఇంత రాయాలా" అని ఎవరైనా అడగవచ్చు. నా జవాబు ఒక్క మాట: సుగ్గి.

దసరా దాటాక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల ఊళ్ళలోకి వెళ్ళి చూడండి. వీధికి వీధి తాళాలు. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరపకాయ కోతకు గుంటూరు వైపుకు, మట్టి పనికి, ఇటుక పనికి బెంగళూరుకు కుటుంబాలు కుటుంబాలే బండ్లెక్కుతాయి. చేను గట్టున పట్టా కప్పి కాపురం. మరుగు ఉండదు, లైటు ఉండదు, తలుపే ఉండదు. మేస్త్రీ మాటే చట్టం. ముందే అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు ఎదురు మాట్లాడలేరు. ఊళ్ళో ముసలి అవ్వ దగ్గర వదిలిపోయిన ఆడపిల్లకు కాపలా ఎవరు? బడుల్లో సీజనల్ హాస్టళ్ళు నడిచిన చోట కొంత ఆసరా దొరికింది. నడవని చోట ఏమవుతుందో మా ప్రసూతి వార్డులో ప్రతి వేసవిలో చూస్తున్నాం. పదహారేళ్ళ పిల్ల ఏడో నెలతో వస్తుంది, వయసు పందొమ్మిది అని రాయించుకుంటారు.

2009 వరద మనల్ని కొన్ని వారాలు ఇళ్ళ నుంచి లేపింది. సుగ్గి ఏటా కొన్ని నెలలు లేపుతుంది. శిబిరంలో కావలసినవన్నీ ఇక్కడా కావాలి.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంకొకటి నేర్చుకున్నాం. అప్పుడు ఇల్లు పోలేదు, ఇంట్లోనే బందీ అయ్యాం. కొట్టేవాడితో పాటు ఒకే గదిలో. బస్సులు లేవు, పుట్టింటికి పోయే దారి లేదు. ఫిర్యాదులు పెరుగుతున్నాయని గుర్తించి జాతీయ మహిళా కమిషన్ ఆ ఏప్రిల్‌లో ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు పెట్టింది. ఆపద మామూలు రోజుల్లో ఉన్నదాన్నే ఎక్కువ చేసి చూపిస్తుంది. ప్రపంచంలో ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలో, లైంగిక హింసో అనుభవించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు 30 మంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామని చెప్పారు. మన చర్చిలో ఆదివారం ఒక బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళను లెక్కపెట్టి చూసుకోండి.

"పరువు" అనేవారికి

నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా మూడు అభ్యంతరాలు వస్తాయి.

మొదటిది: "ముందు ప్రాణాలు, తిండి. ఇవన్నీ తర్వాత." నిజమే, ప్రాణమే ముందు. కానీ భయంతో సాయంత్రం నుంచి నీళ్ళు తాగని ఆడది, రాత్రంతా ఆపుకొని మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో వచ్చే గర్భిణి, ఇవీ ప్రాణం సంగతులే. గడియకు, బల్బుకు అయ్యే ఖర్చు ఒక బస్తా బియ్యం ఖరీదు కూడా కాదు. ఒకటి మానుకొని ఇంకొకటి చేయమని నేను అనడం లేదు. ఒకే లారీలో రెండూ రావచ్చు.

రెండవది: "బయటపెడితే ఆ పిల్ల పరువు పోతుంది." పరువు పోవలసింది ఎవరిదో మనం ఇంకా తేల్చుకోలేదు. అయితే ఈ మాటలో ఒక నిజం ఉంది. గుట్టు కాపాడకపోతే ఆమెకు రెండోసారి దెబ్బ తగులుతుంది. అందుకే నలుగురికి నాలుగుసార్లు కథ చెప్పించకూడదు. ఫోటో తీయకూడదు. ఊరి పేరు, కుటుంబం పేరు పేపరుకు ఎక్కకూడదు. ప్రార్థన కూడికలో సైతం ఆమె పేరు ఎత్తకూడదు. గుట్టు వేరు, నోరు మూయించడం వేరు. తామారుకు అన్యాయం జరిగినప్పుడు ఆమె సొంత అన్నే ఊరుకోమన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎంత రక్తం పారిందో సమూయేలు గ్రంథం చదివినవారికి తెలుసు.

మూడవది: "పెద్దమనుషుల్లో కూర్చొని రాజీ చేద్దాం." సంఘ పెద్దలను గౌరవిస్తూనే చెబుతున్నాను. పొలం గట్టు తగవుకు రాజీ ఉంటుంది. అత్యాచారానికి రాజీ లేదు. డబ్బు ఇప్పించి, లేదా చేసినవాడికే ఇచ్చి పెళ్ళి చేసి "ముగిసింది" అనడం ఆమెకు జీవితకాల శిక్ష వేయడమే. ఇంటి దెబ్బల విషయంలో కూడా, ఆమెను తిరిగి పంపేముందు "అక్కడ నువ్వు క్షేమంగా ఉంటావా?" అని ఆమెను ఒంటరిగా అడగాలి. అత్తను కాదు, భర్తను కాదు, ఆమెను.

వచ్చే వానకు ముందే

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయింది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను అప్రమత్తం చేశారు. దేవుని దయవల్ల ఆసారి పెద్ద నష్టం కాలేదు. కానీ ఆ రాత్రి నేను నిద్రపోలేదు. జనం వస్తే మన హాలు తెరుస్తాం, గంజి కాస్తాం, అది తెలుసు. హాలు వెనక మరుగుదొడ్డికి గడియ ఉందా అని లేచి టార్చి తీసుకొని పోయి చూశాను. ఒకదానికి ఉంది, ఒకదానికి లేదు. మర్నాడు వడ్రంగిని పిలిపించాను. ఇంత చిన్న పని చేయడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

అందుకే నా సూచనలు చిన్నవి. మీరు ఆలోచించండి.

ఒకటి. ఆశ్రయంగా వాడే ప్రతి చర్చి హాలు, బడి, కల్యాణ మండపం వానాకాలానికి ముందే చూసుకోవాలి. ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్లు, లోపలి గడియ, దారిలో వెలుతురు, కరెంటు పోతే లాంతరో టార్చో, ఆడవాళ్ళు పడుకునే చోటుకు అడ్డు.

రెండు. ప్రతి శిబిరానికి బాధ్యురాలిగా ఒక స్త్రీ ఉండాలి. ఆశా కార్యకర్త కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, డ్వాక్రా సంఘం నాయకురాలు కావచ్చు, స్త్రీల సమాజం పెద్దమ్మ కావచ్చు. ఆమె పేరు గోడ మీద రాసి ఉండాలి.

మూడు. సాయంత్రం పూట అరగంట కూర్చోవాలి. తహసీల్దారు కార్యాలయం మనిషి, పోలీసు, ఆరోగ్య సిబ్బంది, సహాయానికి వచ్చిన సంస్థల వాళ్ళు, శిబిరంలోని ఇద్దరు ఆడవాళ్ళు. ఈ రోజు ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది, రాత్రి ఎవరు కాపలా. అంతే. చర్చి, మఠం, మసీదు అనే తేడా అక్కడ వద్దు.

నాలుగు. సహాయం మూటలో నెలసరి బట్టలు లేదా ప్యాడ్లు, లోదుస్తులు, సబ్బు, టార్చిలైటు ఉండాలి. పంపిణీ చేసేటప్పుడు కనీసం ఒక స్త్రీ ఉండాలి. భర్త లేని స్త్రీ పేరు మీద కూడా వాటా రాయాలి.

అయిదు. సుగ్గికి పోయేముందు ప్రతి బండిలోని ఆడవాళ్ళ దగ్గర కింద ఇచ్చిన నంబర్లు ఉండాలి. సంఘ కాపరులు, ఊరి పంతుళ్ళు ఎవరు ఏ మేస్త్రీతో ఏ ఊరికి పోతున్నారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. నెలకొకసారి ఫోను చేయాలి.

ఆరు. ఇది మాకు. శిబిరంలో గాని ఓపీలో గాని గాయంతో వచ్చిన ప్రతి స్త్రీని తెర చాటుకు తీసుకుపోయి, ఆమెను మాత్రమే అడగాలి: "ఎవరైనా నిన్ను కొట్టారా అమ్మా? ఇబ్బంది పెట్టారా?" ఆమె లేదంటే లేదు, బలవంతం వద్దు. కానీ అడగాలి. అవునంటే ఎక్కడికి పంపాలో ఆ నర్సుకు ముందే తెలిసి ఉండాలి. మా కొత్త నర్సింగ్ విద్యార్థినులకు ఇంజెక్షన్ వేయడంతో పాటు ఈ ప్రశ్న అడగడం కూడా నేర్పుతున్నాను.

ఈ నంబర్లు చింపి దాచుకోండి

మహిళలకు 181. ఏ అత్యవసరానికైనా 112. పిల్లల కోసం 1098. అంబులెన్సుకు 108. ఇవి పగలూ రాత్రీ పనిచేస్తాయి, డబ్బు ఖర్చు లేదు. 2015 నుంచి జిల్లాలలో సఖి వన్ స్టాప్ సెంటర్లు ఏర్పాటవుతూ వచ్చాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి అన్నీ ఒకే చోట దొరకాలని పెట్టినవి. 181కి ఫోను చేస్తే దగ్గరలోని కేంద్రానికి చేరుస్తారు. ఆనాడు నాకు తెలియని సత్రం ఇలాంటిదే.

ఆ రిజిస్టరు మా పాత గదిలో ఇంకా ఉంది. "జారి పడుట" అన్న ఆ రెండు మాటలు నా చేతిరాతే. కొట్టివేయలేను. ఆ కోడలు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, బతికి బాగుండాలని కోరుకుంటున్నాను. ఒకవేళ ఈ పేజీ ఆమె చేతికి చేరితే, అడగవలసిన మాట అడగనందుకు నన్ను క్షమించమ్మా.

మిగతా వారికి నా మనవి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, మీ చర్చి హాలు వెనక్కి ఒకసారి నడిచి వెళ్ళి తలుపు చూడండి.